అమ్మ తల మీద ఒట్టు

పదకొండో భాగం

పోయిన వారం రత్నమ్మను మదనపల్లె ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డు చివరి మంచం మీద వదిలి వచ్చాం. పుంగనూరులో ఇంటి వెనక బట్టలు ఆరేస్తూ కూలిపోయిన మనిషి. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. రక్తపోటు పెరిగి తలలో నరం చిట్లిందన్నాడు డాక్టరు.

ఆమె కూతురు అనూష. పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. ఏడాదికి పైగా వైట్‌నర్ వాసనకు అలవాటు పడింది. రాతలో తప్పులు చెరిపే ఆ తెల్ల మందు ఎక్కడో దొంగచాటుగా దొరికింది కాదు. తండ్రి రాజగోపాల్ పుంగనూరులో నడిపే బుక్ స్టాల్లో, పెన్నుల పక్క అరలో ఉండేదే. ఇంట్లో సంగతి తెలిసినాక తండ్రి రెండు దారులు చూసుకున్నాడు. ఒకటి మదనపల్లెలో మాలతి గది. రెండోది కుప్పం. అక్కడ రత్నమ్మ తమ్ముడు సురేంద్ర ఉన్నాడు. ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు.

"మూడు నెలలు సూస్తా మేడమ్. మారిందా, సరే. ఒక్క తూరి తప్పినా మామకిచ్చి చేసేస్తా. సంసారంలో పడితే అదే కుదురుకుంటాది." మాలతికి అతను పెట్టిన గడువు అది.

మాలతి సదుం రైతుల ఇంటి బిడ్డ. నర్సు పని చేసి, ఆ పైన బెంగళూరులో రెండేళ్ళు మత్తు అలవాటు మాన్పించే వైద్యం నేర్చుకుంది. తాయెత్తు కట్టదు, నీతులు చెప్పదు. వారానికొక రోజు, ఒక గంట, తలుపేసిన గదిలో పిల్ల ఒక్కతే. తల్లీ తండ్రీ బయట బెంచీ మీద. మనసు ఎప్పుడు లాగింది, అంతకుముందు ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నావు, దాని బదులు ఏం చేశావు, ఇదంతా పిల్ల రోజూ నోటుపుస్తకంలో రాసి తేవాలి. లాగుడు ఎంత బలంగా ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయాలి. జారితే జారానని చెప్పాలి. జారడం జబ్బులో భాగమే, దానికి తిట్లు లేవు. ఎన్నో చోట్ల, ఎంతో మంది పిల్లల మీద పరీక్షించి పనిచేస్తుందని తేల్చిన పద్ధతి. దానికి కావలసింది ఒక్కటే. పిల్ల నిజం చెప్పాలి.

రెండో వారంలోనే రాజగోపాల్ కూతురికి తలంటు పోయించి కాణిపాకం తీసుకెళ్ళాడు. ఆ స్వామి ముందు అబద్ధమాడే ధైర్యం ఈ జిల్లాలో ఎవరికీ లేదు. తాగేవాళ్ళు అక్కడికి పోయి మానతామని ప్రమాణం చేసి వస్తారు. ఎవరి ఒట్టు వాళ్ళ మీదే. రాజగోపాల్‌కు అది చాలలేదు. "దీనికి తన పాణమంటే లెక్కలేదు" అని, భార్యను పక్కన నిలబెట్టి, ఆమె తల మీద కూతురి చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాడు.

అప్పట్నుంచి పుస్తకం నిండా సున్నాలే. తొమ్మిదో వారంలో రత్నమ్మ పడిపోయింది.

శనివారం పదకొండు గంటలకు మాలతి ఆసుపత్రికి వచ్చేసరికి అనూష వార్డులో లేదు. మేడమెట్ల కింద, విరిగిన మంచాలు పడేసిన చోట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో తల్లి ప్లాస్టిక్ బుట్ట.

"ఏమన్నా తిన్నావా?"

"మీరేమన్నా తెచ్చినారా?"

"అరటిపండ్లు."

"మా నాయనకియ్యండి. మూడు దినాలుగా టీ నీళ్ళే తాగతాండాడు. బన్ను తెచ్చిస్తే కుక్కకేసినాడు."

మాలతి ఆమె పక్కన కింద కూర్చుంది. చీర మట్టి అవుతుందని అనూష కొంచెం జరిగి చోటిచ్చింది.

"మేడమ్, బెంగళూరు డాక్టర్ల మీటింగులో నా గురించి చెప్పినానంటిరే."

"పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. ఒక పాప ఆరు వారాలుగా సున్నా మీద ఉండాదని చెప్పినా."

"సప్పట్లు కొట్టినారా?"

"కొట్టినారు."

"అన్నీ అబద్ధాలు మేడమ్."

"ఏవి?"

"సున్నాలు. ఒట్టేసిన ఆరో దినమే పీల్చినా. జూలైలో. మళ్ళా ఇంగ రెండు తూర్లు." అనూష బుట్ట పిడిని వేళ్ళతో మెలిపెడుతోంది. "మొదటి తూరి మీకు చెప్పల్లనే వచ్చినా. పుస్తకంలో ఎనిమిది అని రాసినా గూడా. బస్సు మదనపల్లె కాడికి వచ్చినాక చింపేసినా. ఎనిమిదని రాస్తే మా అమ్మ చస్తాదని రాసినట్టే కదా."

మాలతికి లోపల లెక్క తిరుగుతోంది. రోజూ పీల్చే పిల్ల రెండు నెలల్లో మూడు సార్లు. బెంగళూరులో చప్పట్లు కొట్టవలసింది దీనికి. ఇది నిజమైన ఫలితం. ఈ నిజాన్ని పిల్ల సిగ్గుపడి దాచుకుంది. దాని బదులు తెచ్చిన సున్నాలను తండ్రి మొక్కు ఫలించిందని నమ్మాడు, మాలతి తన చదువు ఫలించిందని నమ్మింది. సున్నాలు అందరికీ పనికొచ్చాయి.

"నేనే మా అమ్మను పడేసినా మేడమ్."

ఇలాంటి మాటకు "కాదమ్మా, అట్లనుకోవద్దు" అని తల నిమిరితే లాభం లేదని మాలతి నేర్చుకుంది. ఆ తలపును బల్ల మీద పెట్టి పరీక్షించాలి. దానికి ఆధారమేమిటో పిల్ల చేతనే వెదికించాలి.

"సరే. నువ్వు పడేసినావనే దానికి ఆధారమేంది?"

"తల మీద ఒట్టేసినా. తప్పినా. తలలోనే నరం తెగింది. ఇంగేం కావల్ల?"

"అమ్మకు బీపీ ఎన్నాళ్ళుగా ఉండాది?"

"తొమ్మిదేండ్లు. ఆ తొమ్మిదేండ్లలో తెగని నరం ఇప్పుడే యాల తెగల్ల?"

"మాత్రలు రోజూ ఏసుకుంటాదా?"

"ఏసుకుంటాది. నెలనెలా నాయనే తెచ్చిస్తాడు. డాక్టరుకు గూడా అదే చెప్పినాడు."

"ఏసుకునేది నువ్వు చూసినావా?"

అనూష తలెత్తింది. "చూడలేదు."

"అయితే చూద్దాం. ఊరికే అనుకోవద్దు. ఆమె మాత్రలు మానింటే, పడిందానికి కారణం అదే. నీ ఒట్టు కాదు."

బుట్టలో రెండు చీరలు, దువ్వెన, విభూతి పొట్లం. వాటి అడుగున పాలిథిన్ కవరు. అనూష ముడి విప్పింది. మాత్రల అట్టలు. రాజగోపాల్ అంగట్లో సరుకు మీద రాసినట్టే ప్రతి అట్ట మీదా నీలం పెన్నుతో నెల రాసి ఉంది. జూలై. ఆగస్టు. జూలై అట్టలో మొదటి వరస ఒక్కటే ఖాళీ, ఆగస్టుది తెరవనే లేదు.

మాలతికి సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన సంతోషం. "సూడు. రెండు నెలలు మాత్రల్లేకపోతే ఎవరికైనా పోటు పెరుగుతాది. ఇది జబ్బు అనూ. దీంట్లో నీ పని లేదు."

అనూష అట్టలను అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"తొమ్మిదేండ్లు ఏసుకున్న మనిషి జూలైలో యాల మానింది?"

మాలతి అట్ట మీది నెలను మళ్ళీ చదివింది.

"నేను తప్పింది జూలైలోనే." అనూష లేచింది. "పోయి అడగతా."

"ఇప్పుడొద్దు. ఆమె కొంచెం తేరుకోనీ."

"ఆధారం సూద్దామన్నది మీరే కదా మేడమ్," అంటూ పిల్ల మెట్లెక్కేసింది.

రత్నమ్మ మెలకువగానే ఉంది. కూతురి చేతిలో అట్టలు చూడగానే కుడి చేత్తో దుప్పటి పైకి లాక్కుంది.

"నాయన?"

"టీకి పోయినాడు. అమ్మా, యాల మానినావు?"

మూతి వంకర పోయిన మనిషి మాట మాలతికి సగమే అర్థమవుతోంది. అనూషకు పూర్తిగా తెలుస్తోంది. కూతురు మళ్ళీ మళ్ళీ అడిగిన మీదట ఒక్కొక్క ముక్కే వచ్చింది.

"నీ దిండు గలీబులో రుమాలు దొరికింది. ఉతికి ఆరేసినా. వాసన పోలే. మళ్ళా ఉతికినా."

"నన్ను యాల అడగలేదు?"

"అడిగితే ఏడుస్తావు. ఏడిస్తే ఆయనకు తెలుస్తాది. తెలిస్తే కుప్పం."

"దానికీ మాత్రలకీ ఏమి సంబంధం?"

"స్వామి నన్ను తీసుకుంటానంటాడు. నేను మాత్రేసుకోని అడ్డం పడితే ఆయన ఊరికే ఉంటాడా? నా మింద నుంచి నీ మిందికి వస్తాడు. వస్తే నా మిందికే రానీ అనుకున్నా."

అనూష చేతిలోంచి అట్టలు మంచం మీద పడ్డాయి.

మాలతి నిలబడి ఉంది. ఈ మనిషి తొమ్మిది వారాలు ఆమె గది బయట బెంచీ మీద కూర్చుంది. ఒక్కసారి, తాగడానికి నీళ్ళున్నాయా అని అడిగింది. అంతే. ప్రమాణం సంగతి రాజగోపాల్ చెప్పినప్పుడు మాలతి కాదనలేదు. వాళ్ళ నమ్మకాన్ని కించపరచరాదని నేర్పారు కాబట్టి "మంచిదే" అంది. భయం పెట్టిన చోట పిల్లలు నిజం చెప్పరని కూడా నేర్పారు. అది ఆ రోజు గుర్తు రాలేదు. ఫైల్లో "కుటుంబ సహకారం చాలా బాగుంది" అని రాసుకుంది. తల ఎవరిదో వాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. మొగుడు అడగలేదు, పూజారి అడగలేదు, చదువుకున్న మాలతీ అడగలేదు.

"రత్నమ్మా, సురేంద్ర నీ తోడబుట్టినోడే కదా. వానికిస్తారంటే పాణం మీదికి తెచ్చుకునేంత భయమా?"

"నేనే పెంచినా వాణ్ణి. అందుకే తెలుసు," అంది రత్నమ్మ. ఆ ముక్క మాలతికి స్పష్టంగానే వినిపించింది.

అప్పుడే రాజగోపాల్ టీ గ్లాసుతో లోపలికి వచ్చాడు. గడ్డం మాసి, చొక్కా నలిగి, మూడు రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. మంచం మీద అట్టలు చూశాడు. తన చేతిరాత తను గుర్తుపట్టాడు. ఒకటి తీసి వెనక్కి తిప్పాడు.

"ఏసుకోలేదా ఇది?"

అతను భార్యను చూశాడు, కూతురిని చూశాడు. తర్వాత మాలతి వైపు తిరిగాడు. వ్యాపారం చేసే మనిషి, ముఖాలు చదవడం తెలుసు.

"మేడమ్, ఒక్క మాట అడగతా. అవునో కాదో చెప్పు సాలు. పాప తప్పిందా?"

"గదిలో మాట బయట చెప్పనని మొదటి దినమే చెప్పినానప్పా."

"ఇది నీ గది కాదు. నా పెండ్లాం పడుండే ఆసుపత్రి."

"చెప్తే పాప చెప్పల్ల. నా నోటితో రాదు."

"అంటే తప్పింది."

"తప్పినా నాయనా," అంది అనూష. "మూడు తూర్లు."

రాజగోపాల్ చెయ్యెత్తలేదు. గ్లాసును జాగ్రత్తగా స్టూలు మీద పెట్టాడు. అతను మాట్లాడినప్పుడు గొంతు పెద్దది కాలేదు, అదే ఎక్కువ భయంగా ఉంది.

"సూసినావా మేడమ్. నేను దేవుడి ముందర నిలబెట్టినా. నువ్వు పుస్తకం ముందర కూర్చోబెట్టినావు. ఆడా అబద్ధమే, ఈడా అబద్ధమే. నాది మొరటు పని, నీది చదువుకున్నోళ్ళ పని. ఏమి తేడా వచ్చె?"

"తేడా ఉండాదప్పా. నా ముందర నిజం చెప్తే ఎవరూ చచ్చేది లేదు. నువ్వు ఈమె తల మీద చెయ్యి పెట్టించినావు. అప్పుడే పాప నోరు మూతపడింది." మాలతికి ఎప్పుడూ వచ్చే 'మీరు' ఈసారి రాలేదు. "నీ అంగట్లో ఆ వైట్‌నర్ సీసాలు తీసేయమంటినే. తీసినావా?"

"పై అరలో పెట్టినా."

"తీసేయమన్నా."

"క్వార్టర్లీ పరీక్షలు వస్తాండాయి. నా కాడ లేదంటే పక్కంగడికి పోతారు. పెట్టుకోకుండా నీ నోటుపుస్తకాలు నమిలి బతకల్లా మేము?"

"సీసా నీకు పై అరలో ఉండల్ల, పిల్ల మాత్రం ఒట్టుకు నిలబడల్ల. అంతేనా? రోజూ పీల్చేది రెండు నెలల్లో మూడు తూర్లకు వచ్చింది. అది నీకు కనపళ్ళేదా? పదిలో తొమ్మిది పాళ్ళు తగ్గినట్టు."

"ఒట్టులో పాళ్ళుండవు మేడమ్. ఉంటే ఉండాది, తప్పితే తప్పింది."

పక్క మంచంలో తుంటి విరిగి పడుకున్న పార్వతమ్మ మెడ చాచి అంతా వింటోంది. "ఇచ్చేయప్పా," అంది. "పెండ్లయితే అన్నీ మానుకుంటారు. నా మొగుడు మానలేదనుకో, అది వేరే."

నవ్వే తీరిక ఎవరికీ లేదు. రాజగోపాల్ జేబు తడుముకుని చిన్న డైరీ తీశాడు. ఫోను నంబరు వెదుక్కుంటూ బయటికి నడిచాడు. ఆసుపత్రి గేటు పక్కనే ఎస్టీడీ బూత్.

అతను కనుమరుగయ్యేదాకా రత్నమ్మ చూపు తిప్పలేదు. తర్వాత కూతురిని అడిగింది.

"చెప్పేసినావా?"

"చెప్పినా."

"ఇంగ నేను పడి ఏం లాభం."

అంతే అంది. తల గోడ వైపు తిప్పుకుంది. అనూష మాలతి వైపు తిరిగింది.

"నిజం చెప్తే తేలికయితాదంటిరి మేడమ్."

ఆ మాట మాలతి అన్నదే. ఒకసారి కాదు, ప్రతి శనివారం. అది అబద్ధం కాదని ఆమెకు ఇప్పటికీ తెలుసు. ఏ గదిలో, ఎవరి ముందు, ఎవరు అడ్డం నిలబడితే అది నిజమవుతుందో మాత్రం ఆ పద్ధతి రాసినవాళ్ళు చెప్పలేదు. వాళ్ళకు పుంగనూరు తెలియదు. పుంగనూరు తెలిసిన తనూ పట్టించుకోలేదు.

నర్సు చెమ్చాలో పొడి చేసిన మాత్ర, గ్లాసులో నీళ్ళు తెచ్చింది. రత్నమ్మ పళ్ళు బిగించింది.

"మూడు దినాలుగా ఇదే రగడ ఈమెతో," అంది నర్సు. "బుగ్గలో పెట్టుకోని, మేము అట్ల పోతానే ఉమ్మేస్తాది. ఈ పొద్దు గూడా నూట తొంభై ఉండాది పోటు. ఇంగొక నరం తెగితే డాక్టరు ఏమీ చేయలేనన్నాడు. మీరన్నా చెప్పండి."

అనూష మంచం చుట్టూ తిరిగి గోడ పక్కకు వెళ్ళింది. తల్లి ముఖం దగ్గర ముఖం పెట్టింది. "అమ్మా, ఏసుకో. నేను తప్పిందానికి జరిమానా నువ్వు కట్టొద్దు. ఏసుకోమ్మా." రత్నమ్మ కళ్ళు మూసుకుంది. దవడ వదలలేదు. నర్సు చెమ్చా పట్టుకుని విసుగ్గా నిలబడింది.

మాలతి ముందుకు వంగింది. ఈసారి ఆధారాలు అడగలేదు, అంకెలు అడగలేదు. "రత్నమ్మా, తప్పు చేసినా. ఆ ఒట్టు గురించి నిన్ను అడగాల్సింది," అంది. రత్నమ్మ కళ్ళు తెరవలేదు.

రాజగోపాల్ తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. బూత్‌లో ఏడ్చి ముఖం కడుక్కున్నట్టున్నాడు.

"సురేంద్ర రేపు మొదటి బస్సుకే బయల్దేరతాడు. పది గంటలకంతా ఈడుంటాడు. తాళిబొట్టు నేను తెస్తా. ఈడనే, ఈ మంచం కాడనే కట్టిస్తా." భార్య పాదాల మీద దుప్పటి సరిచేశాడు. "వారం దినాలు గడిస్తే గాని ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. ఒక్కగానొక్క కూతురి పెండ్లి. ఆ మాత్రం దీని కండ్లతో సూడనీ."

అతను ఆ మాట ప్రేమతోనే అన్నాడు. అదే భరించరాకుండా ఉంది.

"పాపకు పదిహేడేండ్లు," అంది మాలతి. "చట్టం ఒప్పుకోదు. నేను ఒప్పుకోను. ఈడ పెండ్లి జరిగితే పోలీసులను పిలిపిస్తా."

"పిలిపించు. ఆ చట్టాన్నీ రమ్మను. వచ్చి దీనికి కాలూ చెయ్యీ తెప్పించి పొమ్మను."

నర్సు ఇక లాభం లేదని చెమ్చా ట్రేలో పెట్టి కదలబోయింది. ఇనుప మంచం ఊచ మీద టక టక చప్పుడైంది. రత్నమ్మ కుడి చేతి గాజులతో ఊచను కొడుతోంది. నర్సు వెనక్కి తిరిగింది. రత్నమ్మ నోరు తెరిచి ఉంది.

నర్సు చెమ్చా నోట్లో వంచింది. సగం నీళ్ళు వంకర మూతి లోంచి గొంతు మీదికి కారాయి. అనూష పైట కొంగుతో తుడిచింది. రత్నమ్మ రెండోసారి నీళ్ళడిగి తాగింది. మింగింది. నర్సు అనుమానంగా బుగ్గ తెరిచి చూసింది. లోపల ఏమీ లేదు.

"సగం తీసుకున్నాడు కదా స్వామి. అంతటితో సాలు ఆయనకు," అంది రత్నమ్మ. "మిగిలిన సగం నాది."

"ఏమంటాంది?" అన్నాడు రాజగోపాల్. మూడు రోజులుగా భార్య మాట అతనికి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. అనూష చెప్పలేదు. మాలతి చెప్పలేదు.

రత్నమ్మ కుడి చెయ్యి చాచి మాలతి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఉన్న బలానికి మాలతి ఉలిక్కిపడింది.

"రేపు వాడు వచ్చేలోగా నన్ను లేపి కూర్చోబెట్టమ్మా. పండుకోనుంటే ఎవురూ నా మాట ఇనరు."